కొత్త రెక్క అంచు

ఆ వీధిలో చేపల కొట్టుకు బోర్డు ఉంది గాని, దాన్ని చదివి వచ్చేవాళ్లు తక్కువ. "రెక్కల డాక్టరమ్మ కొట్టు ఎక్కడండీ?" అని అడిగితే టీ బడ్డీ దగ్గర్నుంచి జిరాక్సు షాపు దాకా ఎవరైనా చెయ్యి చూపిస్తారు. డాక్టరమ్మ అంటే డిగ్రీ పుచ్చుకున్న మనిషేమీ కాదు. ఆ ఇంటి పెద్ద కోడలు. యాభై ఎనిమిదేళ్ల వయసు, మోచేతుల దాకా ఆరని తడి, మందు పట్టి ఎప్పుడూ నీలంగా ఉండే గోళ్లు. గాజు తొట్టెల్లో పెంచుకునే చిన్న చేపలకు రెక్కలు చిరిగినా, కుళ్లినా, తోక అరిగిన చీపురులా పీచులు పీచులైనా జనం వాటిని సీసాలోనో ప్లాస్టిక్ సంచిలోనో వేసుకుని ఈవిడ దగ్గరికి పరుగెత్తుకొస్తారు.

కొట్టు పెట్టింది మాత్రం ఆవిడ కాదు. ఇరవై నాలుగేళ్ల కిందట ఆ ఇంటి అన్నదమ్ములిద్దరూ కలిసి మహా ఆర్భాటంగా తెరిచారు. చేప చచ్చిన ప్రతిసారీ కొన్నవాళ్లు వచ్చి పీకల మీద కూర్చోవడంతో ఏడాది తిరక్కుండానే ఇద్దరికీ మోజు తీరింది. అన్నగారు ఒక గిడ్డంగిలో గుమస్తాగా, తమ్ముడుగారు వ్యాను డ్రైవరుగా కుదురుకుని చేతులు దులుపుకున్నారు. కొట్టు వచ్చి తోడికోడళ్ల నెత్తిన పడింది. పెద్దావిడ చేపల సంగతి చూసుకుంటే చిన్నావిడ మనుషుల సంగతి చూసుకుంది. "నీకేమక్కా, చేపలు ఎదురు చెప్పవు" అని చిన్నావిడ, "నీకేమే, మనుషులకు నీళ్లు మార్చక్కర్లేదు" అని పెద్దావిడ, ఒకరినొకరు దెప్పుకుంటూ ఇన్నేళ్లూ లాక్కొచ్చారు. దెప్పుకోని రోజున ఇద్దరిలో ఎవరికో ఒంట్లో బాగా లేదని లెక్క.

రెక్క వైద్యంలో మందు పెద్ద విశేషమేమీ కాదు. రాళ్ల ఉప్పు, నీలి మందు, పసుపు రంగులో ఉండే ఒక మందు పొడి. అవి ఏ కొట్టులోనైనా దొరుకుతాయి. కిటుకంతా అంచు చూడటంలో ఉంది. కుళ్లుతున్న రెక్కకు అంచు వెంబడి పాలచుక్క ఒలికినట్టు తెల్లటి గీత ఉంటుంది. మానుతున్న రెక్కకూ అంచు తెల్లగానే ఉన్నట్టు తోస్తుంది గాని అది తెలుపు కాదు. ఇంకా రంగు దిగని కొత్త రెక్క అది. అవతల వేలు పెడితే వేలి గీతలు కనిపించేంత పల్చగా ఉంటుంది. మొదటిదానికి మందు వెయ్యాలి, రెండోది కనిపించగానే మందు ఆపాలి. ఆపకపోతే ఆ మందే లేత రెక్కను మాడ్చేస్తుంది, తర్వాత చేపనే తినేస్తుంది. ఈ రెండు తెలుపులకూ తేడా ఒక్క చూపులో చెప్పగలగడమే పెద్దావిడ విద్య. సీసాను ట్యూబులైటు కిందికి ఎత్తి, ఇటొకసారి అటొకసారి తిప్పి, "ఇంకో నాలుగు రోజులు" అనో "తీసుకెళ్లండి, అయిపోయింది" అనో తేల్చేసేది.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. ఈ వ్యాపారంలో ఒక పాడు అలవాటుంది. వైద్యానికి ఇచ్చిన చేప చచ్చిపోతే అదే రంగుది, అదే సైజుది ఇంకోటి వెతికి, "ఇదిగోండి మీ చేప, శుభ్రంగా నయమైంది" అని చేతిలో పెట్టేస్తారు. పిల్లలున్న ఇళ్లకైతే తల్లిదండ్రులే రహస్యంగా అడిగి మరీ చేయించుకుంటారు. పెద్దావిడ ఆ పని ఒక్కసారి కూడా చెయ్యలేదు. పోతే పోయిందని ముఖం మీదే చెప్పేది. ఆ కటువుతనమే ఆవిడకు పేరు తెచ్చింది.

అలాంటి మనిషికి ఏడాదిన్నరగా చూపు ఆనడం లేదు. గుడ్డితనం కాదు. నడుస్తుంది, వండుతుంది, రోడ్డు దాటుతుంది, ఎదురుగా వచ్చేది ఎవరో నడకను బట్టి చెబుతుంది. కానీ దేన్ని చూడాలని కళ్లు నిలుపుతుందో సరిగ్గా అక్కడే మసక. పక్కలన్నీ కనిపిస్తాయి, నడిమధ్య మాత్రం ఎవరో తడి వేలితో రుద్దేసినట్టుంటుంది. చేప అంచు చూడాలంటే కోడిలా తల పక్కకు తిప్పి ఓరగా చూడాలి. కళ్ల డాక్టరు దగ్గరికి ఒక్కతే వెళ్లింది. కంటి వెనక పొర మధ్యలో పాడైందనీ, అద్దాలకూ ఆపరేషనుకూ లొంగేది కాదనీ, ఉన్న చూపు నిలబడటానికి మాత్రం సూదులు వెయ్యొచ్చనీ ఆయన చెప్పాడు. ఆవిడ ఆ కాగితం మడిచి ఉప్పు డబ్బాల వెనక పెట్టేసింది.

ఎవరితోనూ అనలేదు. అంటే ఏమవుతుందో ఆవిడకు తెలుసు. పక్కనున్న సెల్‌ఫోన్ల షాపతను ఎప్పటినుంచో ఆ గది మీద కన్నేసి ఉన్నాడు. అన్నదమ్ములకు ఒక్క సాకు దొరికితే చాలు, తొట్టెలు తూకానికి అమ్మేసి గది అద్దెకిచ్చేస్తారు. ఆవిడను ఇంట్లో కూర్చోమంటారు. ఇంట్లో ఏముంది? ఒక టీవీ ఉంది, దాన్నీ చూడలేదు. నిజానికి ఆవిడకు ఓపిక అయిపోయి చాలా కాలమైంది. పొద్దున షట్టరు ఎత్తుతున్నప్పుడే దాన్ని మళ్లీ ఎప్పుడు దించుతానా అనిపిస్తుంది. కూర్చోవాలనే ఉంది గాని ఎవరో కూర్చోబెట్టేస్తారంటే మాత్రం గుండె గుభేలుమంటుంది. అందుకని అలవాటు మీద నెట్టుకొస్తోంది. నీటి వాసన, చేప ఈదే తీరు, రోజుల లెక్క, వీటితోనే సగం వైద్యం. విచిత్రమేమిటంటే చేపలు మునుపటిలాగే బాగవుతున్నాయి. దాంతో ఆవిడకు ధైర్యం కూడా వచ్చేసింది. ఇన్నేళ్ల అనుభవానికి కళ్లతో పనేముందిలే అనుకుంది.

ఇంతలో చిన్నావిడ కూతురి కాన్పుకు మూడు వారాలు వెళ్లాల్సి వచ్చింది. బయల్దేరేముందు ఫిల్టర్లు, మేత డబ్బాలు, ఎవరెవరు ఏమేమి చెప్పి వెళ్లారో అన్నీ అప్పగించింది. అంతా అయ్యాక గుమ్మంలో ఆగింది.

"అక్కా, నేనొచ్చేదాకా రెక్కల కేసులు పెట్టుకోకు. అమ్మకాలు చూసుకో, చాలు."

పెద్దావిడకు అరికాలి మంట నెత్తికెక్కింది. గల్లాపెట్టె ముందు కూర్చుని కబుర్లు చెప్పే మనిషి ఊరెళ్తే వైద్యం ఆపాలా అని అడిగింది. పైగా ఏడాదిగా చిన్నావిడ భుజం నొప్పి భుజం నొప్పి అని మూలుగుతుంటే లోలోపల ఉన్న విసుగు కూడా ఇప్పుడే బయటపడింది. కుర్చీ దిగని దానికి భుజం నొప్పేమిటో, అక్కడ మనవడినెలా ఎత్తుకుంటుందో అని ఎత్తిపొడిచింది. చిన్నావిడ మామూలుగా అయితే నాలుగు అంటించేది. ఆ రోజు మాత్రం సంచి అందుకుని ఆటో ఎక్కింది.

ఆ మర్నాడే దర్జీ వచ్చాడు. నాలుగు వీధులవతల బడిపిల్లల యూనిఫారాలు కుట్టే మనిషి, అరవై దాటాయి, భార్య పోయి ఆరేళ్లు. పచ్చడి సీసాలో ఒక నీలం ఫైటర్ చేపను పట్టుకొచ్చాడు. ఫైటర్ అంటే రెండోదాన్ని పక్కన చూస్తే పడి కొట్టుకునే రకం, ఒంటరిగానే ఉంచాలి. దాని అందమంతా చీర కుచ్చిళ్లలా వేలాడే తోకలోనే ఉంటుంది. అందంగా ఉంటుందని దర్జీ ఒక ప్లాస్టిక్ మొక్క తెచ్చి సీసాలో పెట్టాడట. దాని ఆకుకు తట్టుకుని తోక చిరిగింది, చిరిగిన చోట కుళ్లు పట్టింది.

కుట్టు మిషను పక్కనే దాని సీసా ఉంటుందని ఆయన చెప్పాడు. తొక్కడం మొదలుపెట్టగానే రెక్కలన్నీ విప్పుకుని అటూ ఇటూ తిరుగుతుందట. ఆయన ఆగితే అదీ ఆగుతుందట. వారం నుంచి మిషను ఎంత తొక్కినా కదలడం లేదన్నాడు. మొక్క పెట్టినందుకు తనను తాను తిట్టుకున్నాడు. తోక మళ్లీ మునుపటిలా వస్తుందా అని అడిగాడు.

పెద్దావిడ సీసాను ఎత్తి ఓరగా చూసింది. అంచు తెల్లగా ఉందన్నంతవరకు తెలిసింది. "పదిహేను రోజులివ్వండి. కొత్త తోకతో పంపిస్తాను" అంది. చిన్నావిడ మాట గుర్తొచ్చి, ఆ మాట మీద కసితోనే ఇంకాస్త గట్టిగా అంది.

మొదటి అయిదు రోజులు అంతా సవ్యంగానే నడిచింది. ఉప్పు, నీలి మందు, కొలిచిన చుక్కలు. చేప పైకి వచ్చి మేత అందుకుంది. దర్జీ రోజూ మధ్యాహ్నం భోజనాల వేళ వచ్చి, స్టూలు మీద కూర్చుని, సీసాను చూసి వెళ్లేవాడు. మాట్లాడే మనిషి కాదు. మెడలో టేపు వేలాడుతుండేది, దాన్ని తీసి రావడం కూడా మరిచిపోయేవాడు. ఏడో రోజున సీసా మీదికి బాగా వంగి చూశాడు.

"అమ్మా, ఈ అంచు చూశారా? పాత గుడ్డకు కొత్త వాయిల్ ముక్క అతికినట్టుంది. అవతల నా వేలు కనిపిస్తోంది. పెరుగుతోందేమో."

ఆవిడ తల తిప్పి, కళ్లు చికిలించి, చూడగలిగినంతా చూసింది. తెల్లటి గీత. అంతే కనిపించింది. పోయిన వారం కన్నా వెడల్పుగా ఉంది. కుళ్లు తిరగబెట్టిందనుకుంది. మళ్లీ చూడమనో, గీత ఎలా ఉందో సరిగ్గా చెప్పమనో ఆయన్ని అడగొచ్చు. అడిగితే ఎందుకడుగుతోందో చెప్పాలి.

"గుడ్డ సంగతి మీకు తెలిసినట్టే చేప సంగతి నాకు తెలుసండీ. మీ లైనింగులు మీరు చూసుకోండి, దీన్ని నాకు వదిలేయండి."

దర్జీ నొచ్చుకున్నాడు. అయినా ఆవిడకు అంత పేరుంది గనుక, తప్పు తనదే అయి ఉంటుందనుకుని వెళ్లిపోయాడు. ఆవిడ మందు రెట్టింపు చేసింది, పసుపు పొడి కూడా కలిపింది. నీళ్లు చిక్కటి పచ్చగా మారాయి.

పదో రోజుకు చేప అడుగున పడుకుంది. అదొక్కటే అయితే ఆవిడ అంత బెదిరేది కాదు. అదే వారం వైద్యానికి పెట్టుకున్న ఒక గప్పీ చేప, ఒక గోల్డ్ ఫిష్ కూడా అదే తీరులో ఉన్నాయి. ముందు కోలుకున్నాయి, తర్వాత అంచు తెల్లబడింది, మందు పెంచాక వాడిపోయాయి. అదే ఉప్పు, అదే కుళాయి, అవే చేతులు. పోయిన నెలలో లేనిది, ఈ నెలలో వచ్చిందేమిటో ఎంత ఆలోచించినా అంతుపట్టలేదు. చివరికి అనుమానం కొత్త మందు డబ్బా మీద పడింది. దాన్ని తెప్పించింది చిన్నావిడ గనుక తిట్టడానికి ఆమెకే ఫోను చేసింది.

మందు కల్తీదనీ, చూడకుండా తెప్పించావనీ గడగడా దులిపేసింది. అవతల పసిబిడ్డ ఏడుపు వినిపిస్తోంది. చిన్నావిడ అంతా విని, నీళ్లు మార్చి ఎన్నాళ్లయిందని అడిగింది. మందున్న నీళ్లు ఎవరైనా మారుస్తారా అని పెద్దావిడ కసిరింది. ఏడుపు దూరమైంది. ఫోనుతో పక్కగదిలోకి వెళ్లినట్టుంది.

"నేను మార్చేదాన్నక్కా" అంది చిన్నావిడ. "సాయంత్రం నువ్వు వంటకు వెళ్లాక. అన్ని సీసాలూ పారబోసి మంచినీళ్లు పట్టేదాన్ని. పొద్దున నీకు నీలం కనపడాలని ఒక్క చుక్క వేసేదాన్ని."

పెద్దావిడకు వెంటనే అర్థం కాలేదు. అర్థమయ్యాక స్టూలు కోసం చేత్తో తడుముకుంది.

"ఎన్నాళ్లనుంచి?"

"పోయిన ఎండాకాలం నుంచి."

"నా కళ్ల సంగతి నీకెవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలేదు. బాగై తిరుగుతున్న చేపకు నువ్వు మళ్లీ మందు పోశావు. రెండుసార్లు చూసి ఊరుకున్నాను. మూడోసారి పారబోశాను."

"నాతో ఒక్క మాట అనొచ్చుగా."

"నువ్వు చెప్పలేదుగా అక్కా."

పెద్దావిడకు ముందు కోపం వచ్చింది. తన చేతి వైద్యం మీద ఇంకొకరు చెయ్యి వెయ్యడమా అని. ఆ కోపం నిలబడటానికి కూడా ఒంట్లో శక్తి లేకపోయింది. ఏడాదిగా బాగైన చేపలన్నీ, "మీ చెయ్యి చెయ్యి కాదమ్మా" అని జనం అన్న మాటలన్నీ, తను నవ్వి తలూపినవన్నీ ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. పోనీ రోగం ఎలా కనిపెట్టావు, మందు ఎప్పుడు ఆపాలో నీకెలా తెలిసిందని అడిగింది. తనకేమీ తెలియదనీ, ఏది ఏ తెలుపో తనకూ సరిగ్గా తెలిసేది కాదనీ, అందుకే అన్నిటికీ నీళ్లు మార్చేసేదాన్ననీ చిన్నావిడ చెప్పింది. రోజుకు పధ్నాలుగు సీసాలు. కుళాయి వెనకవైపు ఉంది, బకెట్లు మూడు మెట్లెక్కి మోసుకు రావాలి.

పెద్దావిడ "భుజం ఎలా ఉందే?" అంది.

"ఇక్కడ బకెట్లు లేవుగా. తగ్గింది."

క్షమించమని అడగడం ఆ ఇంట్లో ఎవరికీ అలవాటు లేదు. ఫోను పెట్టేసి, పెద్దావిడ సీసాలన్నీ వెనక్కి మోసుకెళ్లింది. నాలుగో బకెట్టుకు నడుం పట్టేసింది. మెట్ల మీద కూర్చుని ఆయాసం తీర్చుకుంటుంటే ఏడుపొచ్చింది. చేపల కోసం కాదు. మూలుగుతోందని తను వెక్కిరించిన భుజం కోసం ఏడ్చింది. గప్పీ, గోల్డ్ ఫిష్ మంచినీళ్లలో పడగానే కాస్త తెరిపినపడ్డాయి. నీలం ఫైటర్ మాత్రం అడుగునే ఉండిపోయింది.

మర్నాడు కొట్టు తెరిచేసరికి అది పక్కకు ఒరిగి తేలుతోంది.

దర్జీ రావడానికి ఇంకా మూడు గంటలుంది. గోడకున్న అరల్లో ఫైటర్లు ఒక్కో సీసాలో ఒక్కోటి వరసగా ఉన్నాయి, వాటిలో నీలానివే ఏడు. ఆవిడ జన్మలో మొదటిసారి ఆ వరస ముందు ఆ ఆలోచనతో నిలబడింది. ఒకటి తీసి పచ్చడి సీసాలో పోస్తే చాలు. ముసలాయన మిషను తొక్కుతాడు, చేప రెక్కలు విప్పుతుంది, ఆయన సంతోషిస్తాడు. ఆవిడ పేరు ఆవిడకుంటుంది, కొట్టు కొట్టులా ఉంటుంది, కళ్ల మాట ఎవరూ ఎత్తరు. చిన్నావిడ వచ్చాక మళ్లీ బకెట్లు మోస్తుంది. ఆ చివరి మాట దగ్గర ఒక అడుగు వెనక్కి వేసింది. అయినా చెయ్యి చాచి ఒక సీసా తీసింది. చచ్చిన చేప పక్కన పెట్టింది. తల ఇటు తిప్పి, అటు తిప్పి చూసింది. అది పెట్టేసి ఇంకోటి తీసింది. మూడోది తీసింది. నీలం నీలంగానే ఉంది. దర్జీ చేపకు బొడ్డు దగ్గర ఎర్ర చార ఉండేదో లేదో, చెంప మీద పచ్చటి మెరుపు ఉండేదో లేదో ఆవిడకు తెలియదు. ఆ చేపను పదకొండు రోజులు చూసింది. ఒక్కసారి కూడా కనిపించలేదు. సీసాలు ఎక్కడివక్కడ సర్దేసి, స్టూలు మీద కూర్చుంది.

దర్జీ మెడలో టేపుతోనే వచ్చాడు. ఆవిడ లేచి నిలబడింది. పచ్చడి సీసా బల్ల మీద మూత లేకుండా ఉంది. ఆయన దాన్ని చూసి మెల్లగా కూర్చున్నాడు. ప్లాస్టిక్ మొక్క పెట్టకుండా ఉండాల్సిందని తనలో తను గొణుక్కున్నాడు.

"మొక్క వల్ల కాదండీ" అంది పెద్దావిడ. "జబ్బుతోనూ పోలేదు. ఆ రోజు మీరు చూసింది నిజమే, కొత్త రెక్క పెరుగుతోంది. నేను దాని మీద మందు పోశాను. నాకు చూపు ఆనడం లేదు."

ఏడాదిన్నరగా భర్తకు చెప్పనిది, తోడికోడలికి చెప్పనిది, నాలుగు వీధులవతల మనిషికి చెప్పింది. చెప్పాక గొప్ప బరువేమీ దిగలేదు. అలసటగానే ఉంది. ఇకనుంచి ఇక్కడ అమ్మకాలే ఉంటాయనీ, వైద్యానికని ఎవరైనా అడిగితే లేదని చెప్పమనీ కూడా అంది.

దర్జీ సీసాను ఒళ్లో పెట్టుకున్నాడు. ఆయన చూపు గోడ మీది అరల వరస వెంబడి నెమ్మదిగా వెళ్లి, మళ్లీ ఒళ్లోకి వచ్చింది.

"అదే రంగువి అన్నున్నాయి గదమ్మా" అన్నాడు. "ఒకటి తీసి ఇందులో పోసి ఇచ్చేస్తే నాకు తెలిసేది కాదు."

"మీకు తెలిసేదండీ" అందావిడ. "నాకే తెలిసేది కాదు."